బ్యాంకు చెక్కులో దాగిన రాజు

ప్రశ్న: నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఒకే మాటకు పలు అర్థాలు ఉండడం గురించి పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "చదరంగంలో చెక్, బ్యాంకు చెక్కు, చొక్కా మీద చెక్స్, లెక్క చెక్ చేయడం, ఇవన్నీ ఒకే మాటా సార్?" అని అడిగింది. "కాదమ్మా, వేర్వేరు మాటలు. వినడానికి ఒకేలా ఉంటాయి, అంతే" అనేశాను. మర్నాడు ఆ పిల్ల నిఘంటువు చూసి వచ్చి, అన్నిటికీ మూలం ఒకటేనని అందులో ఉందని చెప్పింది. క్లాసంతా నా వైపే చూసింది. "తర్వాత మాట్లాడదాం" అని దాటేశాను. అప్పటినుంచి మనసు మనసులో లేదు. స్టాఫ్‌రూంలో అడిగితే ఒకరు అది సంస్కృతమన్నారు, ఒకరు బ్యాంకు చెక్కు అరబ్బీ "సక్" నుంచి వచ్చిందన్నారు, ఇంకొకరు మన "చెక్కడం"లోని చెక్కే అన్నారు. ఏది నిజం? పిల్లలకు ఏమని చెప్పాలి? బ్యాంకు చెక్కుకు ఏ స్పెల్లింగు రాయించాలి?

జవాబు:

మాస్టారూ, ఆ అమ్మాయి చెప్పిందే నిజం. మీరు రాసిన నాలుగూ ఒకే మాట. నాలుగింటి వెనకా ఉన్నది ఒక రాజు. ఆ రాజు పర్షియా నుంచి బయల్దేరి బ్యాంకు కౌంటరు దాకా ఎలా వచ్చాడో తెలిస్తే, ఆ పిల్ల ఎంత మంచి ప్రశ్న అడిగిందో మీకే అర్థమవుతుంది.

ముందుగా, మీరు అలా చెప్పడంలో వింతేమీ లేదని ఒప్పుకోవాలి. గళ్ళ బట్టకూ డబ్బు కాగితానికీ పొంతన ఏముంది? తప్పు సరిచూడడానికీ ఆటలో రాజును బెదిరించడానికీ ఏం సంబంధం? అర్థాలు ఇంత దూరంగా ఉన్నప్పుడు మాటలు వేరని అనుకోవడమే సహజం. ఇంగ్లీషులో అలా కలిసొచ్చిన జంటలూ చాలానే ఉన్నాయి. డబ్బు దాచే బ్యాంక్ ఒకటి, నది ఒడ్డు బ్యాంక్ ఇంకొకటి, ఆ రెండూ ఇంగ్లీషులోకి వేర్వేరు దారుల్లో వచ్చాయి. చెక్ విషయంలో మాత్రం దారి ఒకటే, మధ్యలో రెండు చీలికలు ఉన్నాయి.

మొదటి మజిలీ చదరంగమే. 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో ఈ మాట కనబడేనాటికి దానికున్న అర్థం ఆటలో కేక. ఎదుటివాడి రాజుకు ప్రమాదం వచ్చినప్పుడు ఆటగాడు "చెక్" అని హెచ్చరించేవాడు. ఆ కేక పాత ఫ్రెంచిలో "ఎస్చెక్", అంతకుముందు మధ్యయుగపు లాటిన్లో "స్కాకుస్", అంతకుముందు అరబ్బీ, పారశీకాల్లో "షాహ్". షాహ్ అంటే రాజు. అంటే ఆటగాడు నిజానికి అంటున్నది "రాజు! రాజు!" అని. నీ రాజును చూసుకో అన్న హెచ్చరిక అది.

షాహ్ ఎక్కడ, చెక్ ఎక్కడ అనిపిస్తుంది కదా. మెల్లగా చూడండి. లాటిన్లో "ష" అనే ధ్వని లేదు, చివర ఊపిరితో పలికే "హ్" కూడా నిలబడలేదు. అందుకే షాహ్ కాస్తా "స్కాక్" అయింది. తర్వాత ఫ్రెంచి నోటికి పదం మొదట్లో "స్క", "స్ట" లాంటి జంట హల్లులు మింగుడుపడవు. ముందొక అచ్చు చేర్చుకుంటారు. మన పెద్దవాళ్ళు స్కూలును "ఇస్కూలు" అన్నట్టే, వాళ్ళు లాటిన్ "స్కోలా"ను "ఎస్కోల్" అన్నారు, స్కాక్‌ను "ఎస్చెక్" అన్నారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని తీసుకుని ముందున్న "ఎస్"ను రాల్చేశారు. మిగిలింది చెక్. తరగతిలో ఈ "ఇస్కూలు" పోలిక చెప్పండి, పిల్లలకు ఒక్క క్షణంలో వెలుగుతుంది.

ఇంకో అందం చూడండి. ఫ్రెంచి ఏకవచనం ఎస్చెక్ నుంచి "చెక్" వస్తే, దాని బహువచనం "ఎస్చెస్" నుంచి "చెస్" వచ్చింది. అంటే ఆట పేరు చెస్, ఆటలోని కేక చెక్, రెండూ ఒకే మాటకు ఏకవచన బహువచనాలు. చెస్ అంటే "రాజులు" అనుకోవచ్చు. ఆధునిక ఫ్రెంచిలో ఆ ఏకవచనానికి మరో బతుకు దొరికింది. అక్కడ "ఎషెక్" అంటే ఓటమి, వైఫల్యం. పరీక్ష తప్పినా అదే మాట.

చెక్‌మేట్ సంగతీ ఇక్కడే చెప్పేస్తాను, పిల్లలు తప్పకుండా అడుగుతారు. అది "షాహ్ మాత్". అరబ్బీలో "మాత" అంటే చనిపోయాడు, కాబట్టి "రాజు చచ్చాడు" అని చాలామంది చెబుతారు. పారశీకంలో "మాత్" అంటే దిక్కుతోచక నిలిచిపోయినవాడు, నిస్సహాయుడు. నాకు ఈ రెండోదే ఆటకు సరిగ్గా అతుకుతుందనిపిస్తుంది, ఎందుకంటే చదరంగంలో రాజును ఎవరూ చంపరు. కదలడానికి గడి లేని స్థితి వస్తుంది, అక్కడితో ఆట కట్టు.

ఈ "ఆట కట్టు" అన్న మాటనే కాసేపు పట్టుకుని ఆలోచించండి మాస్టారూ. అది చదరంగపు మాట. కానీ "దొంగల ఆట కట్టించారు" అన్నప్పుడు ఎవరికైనా చదరంగపు బల్ల గుర్తొస్తుందా? "పావులు కదుపుతున్నాడు" అంటాం, "ఎత్తుకు పైఎత్తు వేశాడు" అంటాం. ఒక్కసారి కూడా బల్ల ముందు కూర్చోని మనిషి కూడా ఈ మాటలు తడుముకోకుండా వాడతాడు. ఆటలో పుట్టిన మాట ఆట దాటి ఇంట్లోకీ రచ్చబండ మీదికీ రావడం మనకు బాగా తెలిసిన సంగతే. ఇంగ్లీషు చెక్‌కు జరిగిందీ అదే. ఆ మాటకొస్తే "ప్రత్యర్థికి చెక్ పెట్టాడు" అని పత్రికల శీర్షికల్లో రాస్తాం చూశారా, అందులో ఉన్నది ఆ మాటకున్న అర్థాలన్నిటిలోకీ అతి పాతది.

ఇక చీలికల సంగతి. మొదటి చీలిక ఆ కేక నుంచి పుట్టింది, రెండోది బల్ల మీది గళ్ళ నుంచి పుట్టింది. ఈ రెంటినీ విడదీసి చూపిస్తే మిగతాదంతా దానంతటదే చిక్కు వీడుతుంది.

కేక దారి ఇదీ. రాజుకు చెక్ వచ్చిందంటే అప్పటిదాకా మీరు వేసుకున్న ఎత్తులన్నీ ఆపేయాలి. ముందు రాజును కాపాడుకోవాలి, ఆ తర్వాతే వేరే పని. కాబట్టి చెక్ అంటే "హఠాత్తుగా ఆగిపోవాల్సి రావడం" అయింది. పద్నాలుగో శతాబ్దంలోనే ఈ అర్థం ఆట దాటి బయటికొచ్చింది. ఎవరైనా అడ్డుకుంటే చెక్, ఎదురుదెబ్బ తగిలితే చెక్. దాన్నుంచి "అదుపులో పెట్టడం" వచ్చింది. గుర్రాన్ని కళ్ళెంతో ఆపినా, కోపాన్ని దిగమింగినా, అధికారం హద్దు దాటకుండా చూసినా చెక్ చేయడమే. రాజ్యాంగాల గురించి చదివేటప్పుడు వచ్చే "చెక్స్ అండ్ బ్యాలెన్సెస్"లో ఉన్నది ఈ అర్థమే. అక్కడ చెక్స్ అంటే తనిఖీలని చాలామంది పొరబడతారు. కాదు, పగ్గాలు. శాసనసభ ప్రభుత్వానికి పగ్గం, న్యాయస్థానం ఆ రెంటికీ పగ్గం. ఐస్ హాకీలో ఆటగాడు ఎదుటివాణ్ణి ఒంటితో ఢీకొట్టి అడ్డుకోవడాన్ని "బాడీ చెక్" అంటారు, అది కూడా ఇక్కడిదే.

అదుపు నుంచి తనిఖీకి ఒక్క అడుగే. లెక్కల్లో మోసం జరక్కుండా అదుపు చేయాలంటే ఏం చేస్తాం? ఒక లెక్కను ఇంకో లెక్కతో పోల్చి చూస్తాం. అలా పోల్చి చూసే పనికే చెక్ అన్న పేరు స్థిరపడింది. పదిహేడో శతాబ్దం చివరికి "సరిచూడడం" అనే అర్థం వచ్చేసింది. ఈనాడు మనకు మొదట తట్టే అర్థం ఇదే, వయసులో మాత్రం చిన్నది. చెకప్, చెక్‌లిస్ట్, సరిచూశాక పక్కన పెట్టే టిక్కు గుర్తును అమెరికన్లు చెక్ మార్క్ అనడం, అన్నీ దీని పిల్లలు.

చెక్‌లిస్ట్ గురించి ఒక సంఘటన చెప్పకుండా ఉండలేను. 1935 అక్టోబరు 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రైట్ ఫీల్డ్ అనే చోట బోయింగ్ మోడల్ 299 అనే పెద్ద విమానాన్ని సైన్యం కోసం పరీక్షిస్తున్నారు. నేల మీద ఉన్నప్పుడు గాలికి రెక్కల, తోక పలకలు కొట్టుకోకుండా వాటికొక తాళం వేస్తారు. ఎగరబోయే ముందు ఆ తాళం తీయడం మరిచిపోయారు. విమానం లేచీ లేవగానే కూలిపోయింది. ప్రధాన పైలట్, ఆయనతోపాటు మరొకరు ఆ ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళు అనుభవం లేనివాళ్ళు కాదు. గుర్తుంచుకోవాల్సిన పనులు ఎక్కువయ్యాయి, అంతే. ఆ తర్వాతే పైలట్లు ఎగిరే ముందు ఒక్కో పనినీ కాగితం మీద చూసి చదువుకుంటూ చేసే పద్ధతి తెచ్చారు. అదే చెక్‌లిస్ట్. పాత "ఆగు" అనే అర్థం ఇందులో ఎంత స్పష్టంగా ఉందో చూశారా. ఎగిరే తొందరలో ఉన్న మనిషిని కాగితం ఒక్క నిమిషం ఆపుతుంది. పిల్లలకు ఆగడానికీ సరిచూడడానికీ ఉన్న చుట్టరికం చెప్పాలంటే నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇప్పుడు బల్ల దారికి రండి. ఎస్చెక్ ఆడే బల్లను ఫ్రెంచిలో "ఎస్చెకియే" అన్నారు. బల్ల మీద గళ్ళుంటాయి కాబట్టి గళ్ళున్న ప్రతిదానికీ ఆ పేరు అంటుకుంది. గళ్ళ బట్ట చెక్స్ అయింది. మన భాషలోనూ బల్ల మీద ఉన్నది గడే, బట్ట మీద ఉన్నదీ గడే. పోర్చుగీసు వాళ్ళయితే ఇంకా నేరుగా, చదరంగాన్నీ గళ్ళ బట్టనూ ఒకే మాటతో పిలుస్తారు, "షద్రేస్" అని. ఆ షద్రేస్ ఎవరనుకున్నారు? మన చతురంగమే! సంస్కృత చతురంగం పర్షియాలో చత్రంగ్ అయి, అరబ్బుల చేతిలో షత్రంజ్ అయి, వాళ్ళతోపాటు స్పెయిన్, పోర్చుగల్ చేరి ఆ రూపం తీసుకుంది. పోర్చుగల్లో గళ్ళ చొక్కా కొనేవాడు తనకు తెలియకుండానే చతురంగం పేరు పలుకుతున్నాడు.

గళ్ళ బట్ట ఇంగ్లండు రాజుగారి ఖజానాలోకి వెళ్ళిన కథ అన్నిటికంటే రుచిగా ఉంటుంది. కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే బ్యాంకు చెక్కు స్పెల్లింగు తాళంచెవి ఇందులోనే ఉంది.

పన్నెండో శతాబ్దంలో, మొదటి హెన్రీ కాలం నుంచి, ఇంగ్లండులో జిల్లాల వారీగా రాజుగారి రాబడి వసూలు చేసే షెరీఫులు ఏడాదికి రెండుసార్లు వచ్చి లెక్క అప్పజెప్పేవారు. అప్పట్లో అంకెలు రోమన్ పద్ధతిలో రాసేవారు. ఆ అంకెలతో కూడికలు తీసివేతలు కాగితం మీద చేయడం నరకం. మన స్థానాల పద్ధతి, సున్నా వాళ్ళ లెక్కల గదికి ఇంకా చేరలేదు. అందుకని ఒక పెద్ద బల్ల వేసి, దాని మీద గీతలున్న నల్లటి బట్ట పరిచి, ఆ గళ్ళలో బిళ్ళలు పేర్చి లెక్క కట్టేవారు. ఒక వరస పెన్నీలకు, ఒకటి షిల్లింగులకు, ఒకటి పౌండ్లకు, ఆపైవి ఇరవైలకు, వందలకు, వేలకు. ఏ వరసలో బిళ్ళ ఉంటే దానికి ఆ విలువ. చదువు రాని షెరీఫుకు కూడా తాను ఎంత బాకీ ఉన్నాడో కళ్ళ ముందు కనబడేది. గళ్ళ బట్ట చదరంగపు బల్లలా ఉందని ఆ బల్లకూ, దాని చుట్టూ కూర్చునే అధికారుల సభకూ కూడా ఎస్చెకియే అని పేరొచ్చింది. ఇంగ్లీషులో అది "ఎక్స్‌చెకర్" అయింది. ఈనాటికీ బ్రిటన్ ఆర్థిక మంత్రి హోదా పేరు చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్. మాట మొదట్లో ఉన్న "ఎస్"ను ఎవరో లాటిన్ "ఎక్స్" అని పొరబడి సవరించడం వల్ల ఆ ఎక్స్ వచ్చి చేరింది. పొరబాటు దిద్దుబాటు ఎనిమిది వందల ఏళ్ళ సంస్థకు పేరై కూర్చుంది.

ఇదంతా ఊహ కాదు. రెండో హెన్రీ ఖజానాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర్లో మొదలుపెట్టి స్వయంగా రాసిపెట్టాడు. బల్ల పొడవు సుమారు 10 అడుగులు, వెడల్పు 5 అడుగులు, బిళ్ళలు జారిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు అని కొలతలతో సహా చెప్పాడు. మాస్టారూ, ఆయన రాసిన తీరు గురించి చెబితే మీరు నవ్వుకుంటారు. అది గురుశిష్య సంవాదం. శిష్యుడు అడుగుతాడు, దీనికి ఆ పేరెందుకని. చదరంగపు బల్లలా ఉంటుంది కాబట్టి, ఇంతకంటే నిజమైన కారణం ఇప్పటికి నాకు తోచడం లేదంటాడు గురువు. శిష్యుడు వదలడు. కేవలం ఆకారం చూసే పెద్దలు పేరు పెట్టి ఉంటారా అని మళ్ళీ అడుగుతాడు. అప్పుడు గురువు ఇంకాస్త ఆలోచించి, చదరంగంలో రెండు పక్షాలు తలపడ్డట్టే ఇక్కడ ఖజానాధికారీ షెరీఫూ బల్లకు అటూ ఇటూ తలపడతారని, మిగతావాళ్ళు న్యాయనిర్ణేతల్లా కూర్చుంటారని వివరిస్తాడు. శిష్యుడు రెండోసారి అడక్కపోతే ఆ చక్కటి మాట మనకు దక్కేదే కాదు.

ఆ ఖజానాలో రసీదులు కాగితాలు కావు, కర్రలు. చెల్లించిన మొత్తానికి గుర్తుగా పుల్ల మీద గాట్లు పెట్టి, దాన్ని నిలువునా రెండుగా చీల్చి, ఒక సగం చెల్లించినవాడికి ఇచ్చి, రెండో సగం ఖజానాలో ఉంచుకునేవారు. తర్వాత ఎప్పుడైనా తగాదా వస్తే రెండు సగాలూ కలిపి చూస్తారు. గాట్లు కలవకపోతే దొంగతనం బయటపడుతుంది. ఈ కర్రల పద్ధతి 1826 దాకా నడిచింది. పాత కర్రలు గుట్టలుగా మిగిలిపోతే 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింద కొలుముల్లో పెట్టి తగలబెట్టారు. మంట అదుపు తప్పి పార్లమెంటు భవనమే కాలిపోయింది.

పుల్లను కాగితంగా మార్చండి, బ్యాంకు చెక్కు వచ్చేస్తుంది. 18వ శతాబ్దం మొదట్లో డబ్బుకు సంబంధించి "చెక్" అంటే మనం బ్యాంకులో ఇచ్చే కాగితం కాదు, చింపి ఇచ్చాక మన దగ్గర మిగిలే ముక్క. ఇప్పుడు కౌంటర్‌ఫాయిల్ అంటున్నది. కాగితం నకిలీదో కాదో ఆ ముక్కతో పోల్చి తేల్చేవారు, అంటే మోసానికి అది అడ్డు. అందుకే దానికి చెక్ అని పేరు. మెల్లగా ఆ పేరు మిగిలే ముక్క నుంచి చింపి ఇచ్చే ముక్కకు జరిగింది. లండన్లో క్లేటన్, మోరిస్ అనే ఇద్దరు నడిపిన సంస్థ పేర 1659 ఫిబ్రవరి 16న రాసిన చెల్లింపు కాగితం ఇప్పటికీ ఉంది. పని చెక్కుదే కానీ ఆనాటికి దానికి ఇంకా ఆ పేరు లేదు. వస్తువు ముందు పుట్టింది, పేరు తర్వాత వచ్చి చేరింది.

ఇలా చేతిలో పెట్టుకుని తిరిగే గుర్తు ముక్కలన్నిటికీ అమెరికాలో చెక్ అన్న పేరు పాకింది. సామాను అప్పగిస్తే ఇచ్చే బిళ్ళ చెక్. భోజనం బిల్లు చెక్. 1880ల్లో బేస్‌బాల్ ఆట మధ్యలో వాన వస్తే మరో రోజు రావడానికి పనికొచ్చే టికెట్ ముక్క "రెయిన్ చెక్". ఆహ్వానాన్ని ఇప్పటికి కాదని తర్వాత వస్తానని చెప్పడానికి అమెరికన్లు ఇప్పుడు ఈ మాటే వాడతారు.

ఇక మీ సహోద్యోగుల మాటలకు వస్తాను. ముగ్గురి మీదా నాకు గౌరవముంది, ముగ్గురూ ఏదో ఒక పోలిక గమనించారు. గమనించడం మొదటి మెట్టు.

సంస్కృతం అన్నవారు సగం దాకా వచ్చారు. ఆట పేరు ప్రయాణం సంస్కృత చతురంగం నుంచే. కానీ చెక్ అనే మాటకు తల్లి పారశీకం. సంస్కృతం దానికి పెద్దమ్మ వరస. షాహ్‌కు పాత పారశీక రూపం "ఖ్షాయథియ". పశ్చిమ ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీద క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దం చివర్లో డేరియస్ చక్రవర్తి చెక్కించిన శాసనంలో "అదమ్ దారయవౌష్, ఖ్షాయథియ వజ్రక, ఖ్షాయథియ ఖ్షాయథియానామ్" అని ఉంటుంది. నేను డేరియస్‌ను, గొప్ప రాజును, రాజులకు రాజును అని. "అదమ్" పక్కన మన "అహమ్" పెట్టండి. "ఆనామ్" పక్కన "దేవానామ్" పెట్టండి. "ఖ్షాయథియ" పక్కన "క్షత్ర" పెట్టండి. ఏలడం అనే అర్థమున్న ఒకే ధాతువు ఆ ఇంట ఒకలా, ఈ ఇంట ఇంకోలా పెరిగింది. లక్ష్మి మన నోట లచ్చి అయినట్టే, వాళ్ళ నోట ఖ్ష కాస్తా ష అయింది. కాబట్టి క్షత్రియుడూ చెక్కూ దాయాదులు. ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టిందనడం మాత్రం తప్పు. ఈ తేడా పిల్లలకు నొక్కి చెప్పండి. పోలిక కనబడగానే "మనదే" అనేసుకునే తొందర మనలో చాలామందికి ఉంది.

"సక్" కథను నేనూ కొన్నేళ్ళు నమ్మాను, అడిగినవాళ్ళకు చెప్పాను కూడా, తర్వాత వెళ్ళి దిద్దుకున్నాను. నమ్మడానికి బలమైన కారణమే ఉంది. అరబ్బీలో సక్ అనే మాట నిజంగా ఉంది, రాతపూర్వకమైన చెల్లింపు పత్రమనే అర్థమూ ఉంది, మధ్యయుగపు ముస్లిం వర్తకులు వాటితో వ్యాపారం చేసిన మాటా వాస్తవమే. అర్థం కలిసింది, ధ్వని కలిసింది. కలవనిది దారి. సక్ నుంచి ఇంగ్లీషు చెక్కు వచ్చి ఉంటే మధ్యలో స్పెయిన్‌లోనో ఇటలీలోనో ఫ్రాన్స్‌లోనో దాని అడుగుజాడ కనబడాలి. ఫ్రెంచివాళ్ళు తమ చెక్కు మాటను ఇంగ్లీషు నుంచే అరువు తెచ్చుకున్నారు. ఇంగ్లీషు లోపలేమో ఆపడం, సరిచూడడం, సరిచూసే ముక్క, ఆ ముక్కతో పాటున్న కాగితం అని మెట్టుమెట్టుగా రాతల్లో సాక్ష్యముంది. అందుకే ఇంగ్లీషు నిఘంటువులు ఆ దారినే తీసుకుంటాయి.

చెక్కడంలోని చెక్కు మన సొంత మాట. "చెక్కు చెదరలేదు" అన్నప్పటి చెక్కుకూ బ్యాంకుకూ ఏ చుట్టరికమూ లేదు. చెక్ దేశం పేరూ వేరే, అది ఆ జాతి తమను తాము పిలుచుకునే పేరు. గుజరాతీల ఇంటిపేరు షాను కూడా పిల్లలు లాక్కొస్తారేమో, ముందే చెబుతున్నాను, ఆ షా సంస్కృత "సాధు" నుంచి వచ్చింది, షావుకారులోనూ ఉన్నది అదే.

పిల్లలకు ఏమని చెప్పాలన్నారు. రేపే వెళ్ళి, ఆ అమ్మాయి పేరు పెట్టి పిలిచి, "నేను చెప్పింది తప్పు, నువ్వు తెచ్చింది ఒప్పు" అని అందరి ముందూ చెప్పండి. దాటేయడం వల్ల మీకు పట్టుకున్న బరువు ఆ ఒక్క వాక్యంతో దిగిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, మర్నాడే నిఘంటువు తిరగేసి వచ్చిన పిల్లకు ఆ శ్రమ వృథా కాలేదని తెలియాలి. ఇప్పటిదాకా మీ మౌనం ఆమెకు ఏమని అర్థమై ఉంటుందో ఆలోచించండి. తప్పు చేశానేమోనని అనుకుంటూ ఉండొచ్చు. ఆ అనుమానం ఇంకొక్క రోజు కూడా ఉండనివ్వకండి.

తర్వాత బోర్డు మీద ఒక చదరంగపు బల్ల గీసి మధ్యలో రాజును పెట్టండి. చెక్ ఉన్న ప్రయోగాలు పిల్లల్నే ఒక్కొక్కటిగా చెప్పమనండి. చెప్పిన ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేయండి: ఇది రాజును బెదిరించిన కేక నుంచి వచ్చిందా, బల్ల మీద గళ్ళ నుంచి వచ్చిందా? చెక్‌పోస్ట్ అంటే తేలిగ్గా కేక వైపు వెళ్తుంది, బండి ఆగాలి కాబట్టి. చెక్స్ చొక్కా గళ్ళ వైపు. బ్యాంకు చెక్కు దగ్గర గొడవపడతారు, పడనివ్వండి. అర్థం కేక వైపుది, స్పెల్లింగు గళ్ళ వైపుది.

మీ చివరి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. మొదట్లో బ్యాంకు చెక్కునూ కే అక్షరంతో ముగిసే మామూలు చెక్ (check) లాగే రాసేవారు, అమెరికాలో ఇప్పటికీ అంతే. క్యూతో రాసే రూపం (cheque) ఎక్స్‌చెకర్ (exchequer) పోలికతో వచ్చింది. 1820ల చివర్లో జేమ్స్ విలియం గిల్బార్ట్ అనే ఇంగ్లీషు బ్యాంకరు, మిగతా చెక్‌లతో కలిసి గందరగోళం కాకుండా ఉంటుందని, ఎక్స్‌చెకర్‌తో పొత్తు కుదురుతుందని ఆ రూపాన్నే ఎంచుకున్నాడు. బ్రిటిష్ పద్ధతి పాఠ్యపుస్తకాలు వాడే తరగతి అయితే డబ్బు కాగితానికి ఒక్కదానికే క్యూ రాయించండి, మిగతా అన్నిటికీ కే. ఎవరైనా బ్యాంకు చెక్కును కే పెట్టి రాస్తే మార్కు తీసేయకండి, పక్కన "అమెరికా పద్ధతి" అని రాసి వదిలేయండి.